కడిగిన వలలను మళ్లీ నీళ్లలోకి దింపడం

ప్రతి నెలా రెండో శనివారం తెల్లవారుజామున నేను రాంనగర్ చేపల మార్కెట్టుకు వెళ్తాను. కిలో కొర్రమీను తీసుకుని, అక్కడే ముక్కలు కొట్టించుకుని ఇంటికి తెస్తే, నా భార్య మా అమ్మ పెట్టినట్టుగానే చింతపండు పులుసు పెట్టి స్టీలు డబ్బాలో సర్ది ఇస్తుంది. ఆ డబ్బా పట్టుకుని మల్కాజిగిరిలో ఉన్న మా అన్నయ్య ఇంటికి బస్సెక్కుతాను. 2017 జనవరిలో మొదలైన ఈ క్రమం, లాక్‌డౌన్ నెలల్లో తప్ప, ఇప్పటివరకు ఆగలేదు.

ఇన్నేళ్లలో అన్నయ్య నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వదినగారు గేటు తీస్తారు, వరండాలో కుర్చీ వేస్తారు, మంచినీళ్లు ఇస్తారు. "మీ అన్నయ్య పడుకున్నారు నాయనా" అంటారు. ఆయన పడుకోలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. లోపలి గదిలో నడుస్తున్న వార్తల చానెల్ శబ్దం నా గొంతు వినగానే తగ్గిపోతుంది. పావుగంట కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, లేచి వచ్చేస్తాను.

తప్పు నాది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఈ రాసేదంతా అబద్ధమవుతుంది. మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ, మెట్టుగూడలో 180 గజాల స్థలంలో పెంకుటిల్లు కట్టారు. ఆయన పోయాక ఆ ఇల్లు మా ఇద్దరికీ వచ్చింది. అన్నయ్యకు అప్పట్లో విజయవాడలో ఉద్యోగం. మాటిమాటికీ రాలేనని, నా మీద నమ్మకంతో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాడు. 2014లో ఒక బిల్డరు వచ్చినప్పుడు నేను తొందరపడి, షరతులు సరిగా చదవకుండా, అన్నయ్యతో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడకుండా, ఇద్దరి తరఫునా, స్థలం బిల్డరుకిచ్చి కట్టినదాంట్లో వాటా తీసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టాను. మాకు రావలసిన వాటా తగ్గింది, పని ఏళ్ల తరబడి సాగింది, ఈలోగా అమ్మ సొంత ఇల్లు చూడకుండానే అద్దె ఇంట్లో కన్నుమూసింది. అమ్మ సమాధి దగ్గర అన్నయ్య నా వైపు చూడలేదు. తరువాత నా వాటాలోంచి నష్టం పూడుస్తానని కబురు పంపాను, ఆయన తీసుకోలేదు. ఆయనకు పోయింది డబ్బు కాదని అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

2017లో మొదటి ఆదివారం ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు) ముందు మా సంఘంలో మత్తయి సువార్త అయిదో అధ్యాయం చదివారు. "అక్కడ బలిపీఠము నెదుటనే నీ యర్పణము విడిచిపెట్టి, మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము." చిన్నప్పటి నుంచి విన్న వాక్యమే. అయితే దానికి ముందున్న మాట ఆ రోజు నన్ను పట్టుకుంది: "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" అని ఉంది. నాకు ఆయన మీద ఉన్న విరోధం సంగతి కాదు, ఆయనకు నా మీద ఉన్నదాని సంగతి. లేచి వెళ్లవలసినవాడు ఎవరో ప్రభువు అక్కడే తేల్చేశాడు. ఆ రోజు నేను బల్ల దగ్గరకు వెళ్లలేదు. ఆ నెల రెండో శనివారం మొదటిసారి డబ్బా పట్టుకుని మల్కాజిగిరి వెళ్లాను.

మొదటి ఏడాది నాకు ధైర్యం బాగానే ఉండింది. వాక్యానికి లోబడుతున్నాను కాబట్టి ఫలితం త్వరలోనే కనిపిస్తుందని అనుకున్నాను. రెండో ఏడాది ఆ ధైర్యం ఒక రకమైన లెక్కగా మారింది: ఇన్నిసార్లు వెళ్లాను, ఇంకా ఎన్నిసార్లు వెళ్లాలి అని. నాలుగో ఏడాదికి వచ్చేసరికి ఆ లెక్క కూడా పోయి, గేటు ముందు నిలబడగానే కాళ్లలో బరువు మాత్రమే మిగిలింది. నా భార్య కూడా ఒకసారి, "ఆయనకు ఇష్టం లేనప్పుడు మనం వెళ్లి ఇబ్బంది పెడుతున్నామేమో" అంది. అది నన్ను చాలా కాలం వేధించిన ప్రశ్న. వదినగారిని అడిగాను. ఆమె కాసేపు ఊరుకుని, "రావద్దని ఆయన అనలేదు" అని మాత్రం చెప్పారు. అనే రోజు వస్తే గేటు బయటి నుంచే వెనక్కి వస్తానని ఆమెకు మాట ఇచ్చాను.

ఆ బరువైన రోజుల్లోనే లూకా సువార్త అయిదో అధ్యాయం నాకు మళ్లీ కొత్తగా కనిపించింది. గెన్నేసరెతు సరస్సు ఒడ్డున రెండు దోనెలు ఉన్నాయి, "జాలరులు వాటిలోనుండి దిగి తమ వలలు కడుగుచుండిరి" అని రెండో వచనం. ఈ ముక్కను మనం సాధారణంగా గబగబా దాటేసి, యేసు మాట మీద మళ్లీ వేస్తే చేపలు పడి వలలు పిగిలిపోయే చోటికి పరుగెత్తుతాం. నేనూ అలాగే దాటేసేవాణ్ణి. మార్కెట్టులో నాకు ఎప్పుడూ చేపలిచ్చే పెద్దాయనది తరతరాలుగా చెరువుల్లో చేపలు పట్టిన గంగపుత్ర కుటుంబం. ఒక శనివారం బేరం లేని వేళ ఆయనను అడిగాను: రాత్రంతా ఏమీ పడక, ఒడ్డుకు వచ్చి వల కడుక్కున్నాక, పొద్దున ఎవరో వచ్చి మళ్లీ వేయమంటే ఏం చేస్తావని. ఆయన చేతిలోని కత్తి పక్కన పెట్టి చెప్పాడు: "వల కడిగి ఆరేసినంక మళ్ల నీళ్లల్ల ఎయ్యాల్నంటె పాణం ఒప్పదు సార్. నాచు తియ్యాలె, బురద తియ్యాలె, చినిగిన కాడ కుట్టాలె. చేప పడ్డా పడకున్నా ఆ పని మాత్రం తప్పది."

చేప పడ్డా పడకపోయినా వల కడగడం తప్పదన్న ఆ మాటతో, ఆ దోనెల్లో ఒకదాని యజమాని అయిన జాలరి సీమోను పరిస్థితి నాకు మొదటిసారి బోధపడింది. ఆ కాలపు వలలు నారతో అల్లినవి. పగటి వెలుగులో నీళ్లలో వాటి దారాలు చేపలకు కనిపిస్తాయి కాబట్టే జాలరులు రాత్రిపూట పట్టేవారు, శుభ్రంగా కడిగి ఆరబెట్టకపోతే ఆ నార కుళ్లిపోతుంది. అంటే యేసు ప్రభువు "దోనెను లోతునకు నడిపించి, చేపలు పట్టుటకు మీ వలలు వేయుడి" అన్నప్పుడు సీమోను ముందున్నది రెండు రకాల భారం. చేపలు పడని వేళలో వేయాలి, పడ్డా పడకపోయినా అప్పుడే కడిగిన వలలను మళ్లీ మొదటి నుంచి కడగాలి. విఫలమైన పనిని ఒకసారి ముగించి, సర్దుకుని, ఇంటికి వెళ్లడానికి సిద్ధపడిన మనిషిని మళ్లీ అదే నీళ్లలోకి పంపడం, ఎన్నడూ చేయని కొత్త పనికి పంపడం కన్నా కష్టమని నా అనుభవం. కొత్త పనిలో ఆశ అయినా ఉంటుంది. పాత పని దగ్గర మన ఓటమి మనకంటే ముందే వెళ్లి కూర్చుని ఉంటుంది.

సీమోను ఇచ్చిన జవాబును నేను ఇప్పటికి ఎన్ని వందలసార్లు చదివానో చెప్పలేను. "ఏలినవాడా, రాత్రి అంతయు మేము ప్రయాసపడితిమి గాని మాకేమియు దొరకలేదు, అయినను నీ మాట చొప్పున వలలు వేతును." ఇందులో మన ప్రసంగాల్లో రెండో సగానికి దొరికినంత చోటు మొదటి సగానికి దొరకదు. సీమోను తన రాత్రిని దాచలేదు, తగ్గించి చెప్పలేదు, "ప్రభువా, నీ దయవల్ల అంతా బాగానే ఉంది" అని భక్తిగా పలకలేదు. ఏమీ దొరకలేదన్నాడు. ఆ నిజాన్ని ప్రభువు ముఖం మీదనే చెప్పి, దాని పక్కనే "అయినను" అన్నాడు. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా నేను తలవంచుకుని కూర్చున్న సంవత్సరాలున్నాయి, చెప్పడానికి నా దగ్గర మొదటి సగం మాత్రమే ఉందని. అది కూడా ప్రభువుతో చెప్పదగిన మాటేనని సీమోను నాకు నేర్పాడు.

"ప్రయాసపడితిమి" అన్న మాట గురించి ఒక విషయం చెప్పాలి. గ్రీకు మూలంలో ఉన్న ఆ క్రియకు ఒళ్లు అలిసిపోయేదాకా కష్టపడడం అని అర్థం. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అని మత్తయి పదకొండో అధ్యాయంలో ప్రభువు పిలిచినప్పుడు ఉన్నదీ ఆ క్రియే. మన తెలుగు అనువాదకులు రెండు చోట్లా ఒకే మాట వాడి ఆ చుట్టరికాన్ని కాపాడారు. యోహాను నాలుగో అధ్యాయంలో యేసు అలసి సమరయ బావి దగ్గర కూర్చున్నాడన్న చోట కూడా మూలంలో ఆ క్రియే ఉంది. ఫలం లేని అలసట మోసేవాణ్ణి పిలిచినవాడికి అలసట అంటే ఏమిటో తెలుసు. మల్కాజిగిరి నుంచి తిరిగి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను చాలాసార్లు ఈ ఒక్క సంగతినే తలచుకుంటూ వచ్చాను.

"నీ మాట చొప్పున" అన్నదాన్ని మనలో కొందరు మంత్రంలా వాడుతున్నారని నాకు బాధ ఉంది. హైదరాబాదులో గోడల మీద, ఫ్లెక్సీల మీద, ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఈ వచనానికి వ్యాపారం, వీసా, ఇల్లు, ప్రమోషను జత చేస్తున్నారు: మాట నమ్ము, వల నిండుతుంది. వల నిండింది నిజమే. 1986లో కరువు వచ్చి గెన్నేసరెతు సరస్సు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, ఒడ్డు బురదలో మొదటి శతాబ్దపు దోనె ఒకటి బయటపడింది. పొడవు 8 మీటర్లకు పైన, వెడల్పు 2 మీటర్లకు పైన. అటువంటి దోనెలు రెండు మునిగిపోయేంతగా చేపలు పడ్డాయంటే అది ఒక జాలరి కుటుంబానికి ఎంత సంపదో ఊహించవచ్చు. అయితే ఆ అధ్యాయంలోనే పదకొండో వచనం ఏమంటుంది? "వారు దోనెలను దరికి చేర్చి, సమస్తమును విడిచిపెట్టి ఆయనను వెంబడించిరి." రాత్రంతా వెతికిన చేపలు పొద్దున దొరికితే, వాటిని ఒడ్డునే వదిలేసి వెళ్లారు! చేపలు పడకముందు సీమోను ఆయనను "ఏలినవాడా" అని పిలిచాడు. పడిన తరువాత మోకాళ్ల ఎదుట సాగిలపడి "ప్రభువా" అన్నాడు. ఆ దోనెలో సీమోనుకు దొరికినది చేపలు కావు. దీన్ని వదిలేసి నిండిన వలను మాత్రమే చూపించే బోధ, ఖాళీ చేతులతో కూర్చున్న విశ్వాసిని ఇంకాస్త లోతుకు తోస్తుంది.

నిండిన వల కనిపించనివారి కథలు కూడా వాక్యంలో ఉన్నాయి. యిర్మీయా ప్రవక్త ఇరవై మూడేళ్లు పెందలకడ లేచి ప్రకటించాననీ, మీరు వినలేదనీ ఇరవై అయిదో అధ్యాయంలో చెప్పుకుంటాడు. ఆ వాక్యం చదివినప్పుడు నా ఏళ్లను లెక్కపెట్టుకోవడానికి సిగ్గేసింది. అంతకంటే నన్ను లోపలి నుంచి కదిలించింది ముప్పై రెండో అధ్యాయం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ముట్టడి వేసి ఉంది, ప్రవక్త కావలివారి ఆవరణలో ఖైదులో ఉన్నాడు, అప్పుడు దేవుడు ఆయనను భూమి కొనమన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు అనాతోతులో ఉన్న తన పొలం కొనమని వచ్చాడు. రేపో మాపో శత్రువు చేతిలోకి పోయే ఆ నేలకు యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, పత్రం రాయించాడు, ముద్ర వేయించాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, ఆ పత్రాలు చాలా కాలం ఉండేలా మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకు చెప్పాడు.

సొంతవాళ్ల మధ్య నేల, పత్రం, సంతకం. ఈ అధ్యాయం నేను తేలికగా చదవలేను. యిర్మీయా ప్రతి అక్షరం జాగ్రత్తగా, అందరి ఎదుటా, దేవుని మాట చొప్పున చేశాడు. నేను లాభం కళ్ల ముందు కనిపించగానే అన్నయ్యకు చెప్పకుండా చేశాను. కొనుగోలు అయిపోయిన తరువాత యిర్మీయా చేసిన ప్రార్థనలో, పట్టణం శత్రువుల వశమవుతూ ఉంటే నన్ను పొలం కొనమన్నావేమి ప్రభువా అన్న ఆశ్చర్యం దాగకుండా కనిపిస్తుంది. అంటే ఆయన మొదట లోబడ్డాడు, తరువాత అడిగాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు ఇంకా కొంటారని దేవుడు చెప్పిన మాట బబులోను చెర ముగిశాక నెరవేరింది. ఆ కుండను తెరిచే రోజు చూడడానికి యిర్మీయా లేడు.

మా తాతగారిది ఒంగోలు దగ్గర పల్లె కాబట్టి, అక్కడి సంగతి మా ఇంట్లో చిన్నప్పటి నుంచి వినపడేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరి పని మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలో జరిగిన సభలో ఈ తెలుగు మిషనును మూసేద్దామా అని చర్చించారు. మూసివేయలేదు గాని, పటం మీద ఒంటరిగా ఉన్న ఈ ఒక్క కేంద్రానికి "ఒంటరి నక్షత్రం" అన్న పేరు నిలిచిపోయింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో, అంటే పన్నెండేళ్ల తరువాత. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఖ్యను మా తాతగారు ఎంతో గర్వంగా చెప్పేవారు, నాకూ ఆ గర్వం ఉంది. అయినా ఈ మధ్య నా మనసు ఆ సంఖ్య కన్నా 1853 దగ్గరే ఎక్కువగా ఆగుతోంది. ఆ ఏడాదే ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లిపోయిన శామ్యూల్ డే గుండ్లకమ్మ ఒడ్డున జరిగినదాన్ని చూడలేదు. నెల్లూరు ఎండలో ఆయన నడిచిన నడకలో ఒక్క అడుగుకు కూడా 2,222 అన్న భరోసా ఎవరూ ఇవ్వలేదు. ఆయన దగ్గర ఉన్నది మాట ఒక్కటే.

నాకు ఇచ్చిన మాట ఏమిటో కూడా ఇప్పుడు కాస్త స్పష్టంగా తెలుస్తోంది. "మొదట వెళ్లి సమాధానపడుము" అన్న ప్రభువే, రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో పౌలు చేత "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని రాయించాడు. అన్నయ్య మనసు నా చేతిలో లేదు. నా చేతనైనంత మట్టుకు ఉన్నది వెళ్లడం, కూర్చోవడం, తప్పు నాదని ఎవరు అడిగినా ఒప్పుకోవడం, ఆయన మౌనాన్ని ఆయన హక్కుగా గౌరవించడం. ఇది అర్థమయ్యాక ప్రయాణం తేలికైందని చెప్పను. బస్సు దిగి ఆ సందులోకి తిరిగేటప్పుడు కాళ్లు ఇప్పటికీ బరువెక్కుతాయి. అయితే ఒకప్పుడు గేటు దగ్గర "ఈసారైనా" అనుకుంటూ నిలబడేవాణ్ణి. ఇప్పుడు "నీ మాట చొప్పున" అనుకుంటూ నిలబడుతున్నాను. ఈ రెండు మాటల మధ్య తేడా నాకు ఒంటికి తెలుస్తోంది: మొదటి మాటతో వెళ్లిన రోజు తిరుగు ప్రయాణంలో కోపం ఉండేది.

మొన్న రెండో శనివారం కూడా వెళ్లాను. వర్షం వల్ల గంట ఆలస్యమైంది. వదినగారు గేటు తీసి, తడిసిన గొడుగు తీసుకుని, "ఇంత వానలో ఎందుకొచ్చారు నాయనా" అన్నారు. లోపల టీవీ శబ్దం తగ్గింది. అన్నయ్య దగ్గు వినపడింది, చిన్నప్పుడు మెట్టుగూడ ఇంట్లో వానాకాలం వచ్చిందంటే రాత్రిళ్లు దగ్గినట్టే. తలుపు కాస్త కదిలింది గాని తెరుచుకోలేదు, గాలికి కావచ్చు. నేను కళ్లు మూసుకుని ఆయన ఊపిరితిత్తుల కోసం ప్రార్థన చేశాను. లేచి వస్తుంటే వదినగారు పోయిన నెల డబ్బాను తెచ్చి ఇచ్చారు. పులుసు ఎవరు తిన్నారని నేనెప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు. డబ్బాను తళతళలాడేలా తోమి, మూత లోపలి రబ్బరు కూడా తీసి కడిగి పెట్టారు.

ఇంటికి వచ్చాక దాన్ని మా వంటింటి గట్టు మీద బోర్లించాను. వచ్చే రెండో శనివారం దాకా అది అక్కడే ఆరుతుంది.